ఊరి కట్టుబాటు – సర్కారు చట్టం

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో పత్తి ఏరే కాలం వస్తే ఆడవాళ్ళకు తీరిక ఉండదు. పొద్దున్నే సద్దిమూట కట్టుకొని పోతే, ఇల్లు చేరేది పొద్దు గుంకినాకే. పత్తికాయల మొనలు గుచ్చుకొని వేళ్ళు మంట పుడతాయి. నడుము పట్టేస్తుంది. ఇంత కష్టపడితే కూలి చేతికి వస్తుంది.

ఆ కూలి డబ్బు ఎక్కడికి పోతుంది? కొంత బియ్యం, పప్పులకు. కొంత పిల్లల చదువుకు. కొంత అప్పుకు. చాలా ఇళ్ళలో ఇంకొంత బెల్టు షాపుకు పోతుంది. మట్కా చీటీకి పోతుంది. గుట్కా పొట్లానికి పోతుంది.

తాగుడు, జూదం, గుట్కా. వీటినే వ్యసనాలు అంటారు. మానాలని తెలుసు, మానలేరు. అదే వ్యసనం.

వీటి గురించి చట్టం ఒక మాట చెబుతుంది. ఊరు ఇంకో మాట చెబుతుంది. ఈ రెండు మాటలూ ఎక్కడ కలుస్తాయి? ఎక్కడ విడిపోతాయి? ఇది తెలుసుకుంటే మనకు దారి కనబడుతుంది.

ఊరు ఏమంటుంది?

మగవాడు తాగి వస్తే ఊరు ఏమంటుంది? "పాపం, కష్టపడి వచ్చినాడు. ఒళ్ళు నొప్పులకు రెండు గుక్కలు తాగినాడు. దానికేముంది?" అంటుంది. అతను భార్యను కొడితే? "మొగుడన్నాక ఒక దెబ్బ కొడతాడు. నువ్వే సర్దుకుపోవాల" అంటుంది. ఆమె ఎదురు చెబితే? "నోరు పెద్దది" అంటుంది.

తప్పు చేసింది ఒకరు. మాట పడేది ఇంకొకరు. ఇది న్యాయమేనా?

భారతం కథ మనందరికీ తెలుసు. ధర్మరాజు జూదమాడినాడు. రాజ్యం పోయింది. తమ్ముళ్ళను ఒడ్డినాడు. తనను తాను ఒడ్డుకున్నాడు. చివరికి ద్రౌపదిని ఒడ్డినాడు. అప్పుడు ద్రౌపది ఒక ప్రశ్న అడిగింది. తనను తాను ముందే ఓడిపోయిన మనిషికి, నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిది? ఆ సభలో అందరూ పెద్దలే. ఆమెకు సరైన జవాబు దొరకలేదు. భార్య పుస్తెలు, పిల్లల పుస్తకాల డబ్బు పందెం పెట్టే ప్రతి ఇంట్లో ఇప్పటికీ అదే ప్రశ్న నిలబడి ఉంది.

మట్కా లెక్క

ఆదోని పత్తికి పేరున్న ఊరు. మట్కా కూడా పత్తి నుంచే పుట్టింది. అమెరికా దేశంలో న్యూయార్కు అనే పట్నం ఉంది. అక్కడ పత్తి ధర పొద్దున ఎంత పలికింది, సాయంత్రం ఎంత పలికింది అనే వార్త బొంబాయికి వచ్చేది. ఆ ధరల అంకెల మీద బొంబాయిలో పందేలు కాసేవాళ్ళు. 1960ల మొదట్లో ఆ అంకెలు రావడం ఆగిపోయింది. అప్పుడు చీటీల మీద అంకెలు రాసి, కుండలో వేసి తీయడం మొదలుపెట్టినారు. మట్కా అంటే కుండ. అందుకే ఆ పేరు వచ్చింది.

మట్కాలో ఎవరు గెలుస్తారు? మీకు ఇప్పుడు లెక్కలు వచ్చు. మీరే చేసి చూడండి.

సున్న నుంచి తొమ్మిది వరకు పది అంకెలు. పది మంది ఒక్కొక్కరు ఒక్కో అంకె మీద పది రూపాయలు కట్టినారు అనుకుందాం. మొత్తం 100 రూపాయలు. ఒక అంకె తగులుతుంది. సాధారణంగా రూపాయికి తొమ్మిది రూపాయలు ఇస్తారు. అంటే గెలిచినవాడికి 90 రూపాయలు. మిగిలిన 10 రూపాయలు ఎవరికి? ఆడించేవాడికి.

ఇట్లా పది రోజులు ఆడినారు. పది మందికీ తలా ఒకసారి తగిలింది అనుకుందాం. అప్పుడైనా లాభం ఉందా? ఒక్కొక్కరు కట్టింది 100. వచ్చింది 90. అందరూ గెలిచినా అందరూ ఓడినట్టే! ఇది మోసం లేకుండా ఆడించినప్పటి లెక్క. మోసం చేస్తే ఇక చెప్పే పని లేదు.

మట్కా ఆడించడం నేరం. ఆడటం కూడా నేరమే. దీనికి 1974లోనే ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. 2020లో ఆ చట్టాన్ని మార్చి, సెల్‌ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలను కూడా నిషేధించినారు. 2025 ఆగస్టులో దేశమంతటికీ పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఫోను ఆటలు నడిపేవాళ్ళకు మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా వేయవచ్చు.

ఒకప్పుడు జూదం అంటే చెట్టుకింద పేకాట. పదిమందికీ కనబడేది. ఇప్పుడు అది కొడుకు జేబులో ఫోనులోకి వచ్చింది. పక్కన పడుకున్న తల్లికి కూడా కనబడదు. అందుకే ఈ సంగతి ఇంట్లో మాట్లాడుకోవాలి.

చట్టం వచ్చింది, పోయింది

సారా మీద చట్టం కథ పెద్దది. మన రాజ్యాంగంలో 47వ అధికరణం ఉంది. ఒంటికి చెరుపు చేసే మత్తు పానీయాలను మాన్పించడానికి ప్రభుత్వం పాటుపడాలని అది చెబుతుంది. కానీ మద్యం అమ్మితే ప్రభుత్వానికి పన్ను వస్తుంది. ఒక చేత్తో మానమని చెప్పాలి. ఇంకో చేత్తో డబ్బు తీసుకోవాలి. అందుకే ఈ చట్టం ఎప్పుడూ ఊగుతూనే ఉంది.

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేవి. అప్పుడు ఇది మద్రాసు రాష్ట్రం. ఆ రాష్ట్రంలో మద్యనిషేధం 1937లో సేలం జిల్లాలో మొదలైంది. 1948 నాటికి రాష్ట్రమంతా వచ్చింది. తర్వాత ఆంధ్రలో ఎత్తేసినారు. సారా పాకెట్లు పల్లెపల్లెకూ చేరినాయి.

ఆ పాకెట్లను ఆపింది ఎవరు? కొత్తగా అక్షరాలు నేర్చిన ఆడవాళ్ళు. నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామంలో రాత్రి బడి నడిచేది. సారా వల్ల నాశనమైన కాపురం గురించి అక్కడ పాఠం చదివినారు. చదివి ఊరుకోలేదు. "ఇది మన కథే కదా" అనుకున్నారు. గుంపుగా పోయి సారా దుకాణం మూయించినారు. వాళ్ళలో దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి కథ మళ్ళీ ఒక పాఠమైంది. అది చదివి ఇంకో ఊరు లేచింది. 1992లో నెల్లూరు జిల్లాలో సారా పాటలే జరగనీయలేదు. పాట అంటే దుకాణాల వేలం.

1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించినారు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి మన కర్నూలు జిల్లా మనిషే. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పూర్తి మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. సారా నిషేధం ఉంది. సీసాలు మాత్రం తిరిగి వచ్చినాయి.

నిషేధం ఒక్కటే సరిపోతుందా? బీహారులో 2016 నుంచి మద్యం నిషేధం. అయినా 2022 డిసెంబరులో అక్కడి సారణ్ జిల్లాలో కల్తీ సారా తాగి పదుల మంది చనిపోయినారు. మన దగ్గర కర్ణాటక హద్దు ఉంది. 2019 తర్వాత ఆంధ్రలో మద్యం ధరలు బాగా పెరిగినాయి. అప్పుడు ఆదోని, మంత్రాలయం, హొళగుంద వైపు కర్ణాటక మద్యం పాకెట్లు దొంగతనంగా వచ్చి పడినాయి. 2024 అక్టోబరులో ఆంధ్రలో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు తెరిచినారు. తక్కువ ధర సీసాలు వచ్చినాయి.

దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? చట్టం గోడ లాంటిది. ఊరు కాపలా ఉంటేనే గోడ నిలబడుతుంది. ఊరే కన్నం వేస్తే నిలబడదు.

దేవరగట్టు చెప్పే మాట

హొళగుంద మండలంలో దేవరగట్టు ఉంది. గట్టు మీద మాళమల్లేశ్వర స్వామి గుడి ఉంది. విజయదశమి రాత్రి స్వామికి కల్యాణం చేసి, ఉత్సవ విగ్రహాలను కిందికి తెస్తారు. కాగడాల వెలుగులో వేలమంది కర్రలు పట్టుకొని వస్తారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్ళవాళ్ళు విగ్రహాలకు కాపలా. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాటికోసం ఎదురు వస్తారు. దీన్నే బన్ని ఉత్సవం అంటారు. స్వామి మణి, మల్లాసురులు అనే రాక్షసులను చంపినాడని, దానికి గుర్తుగానే ఇది చేస్తున్నామని భక్తులు చెబుతారు.

ప్రతి ఏడాదీ పదుల మందికి తలలు పగులుతాయి. కొందరు దెబ్బకు పసుపు అద్దుకొని మళ్ళీ గుంపులోకి పోతారు. కొన్ని ఏళ్ళు ప్రాణాలు కూడా పోయినాయి. 2025 దసరాకు కూడా పోయినాయి. పండుగకు ముందు పోలీసులు ఊరూరూ తిరుగుతారు. ఇనుప కడియాలు తొడిగిన కర్రలు పట్టుకుంటారు. మద్యం పట్టుకుంటారు. కెమెరాలు పెడతారు. గట్టు దగ్గరే ఆసుపత్రి పెడతారు. అయినా దెబ్బలు ఆగడం లేదు. "ఇది కొట్లాట కాదు, మా ఆచారం" అని ఊళ్ళవాళ్ళు అంటారు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. ఆ ఆచారంలోనే ఒక కట్టుబాటు ఉంది. కాపలా కాసే మూడు ఊళ్ళవాళ్ళు దీక్ష పడతారు. దీక్షలో ఉన్నన్ని రోజులు మద్యం ముట్టరు. మాంసం ముట్టరు. చెప్పులు తొడగరు. పండుగ రాత్రి పాలు ముట్టి బాస చేస్తారు. మనలో మనకు పగ లేదని, కలిసి ఉంటామని ఆ బాసకు అర్థం.

మరి ఆ రాత్రి కొందరి నోట మద్యం వాసన ఎందుకు వస్తుంది? అది ఆచారం కాదు. పాలు ముట్టి చేసిన బాసకు మద్యం సీసా విరుద్ధం. తాగినవాడికి కర్ర ఎంత గట్టిగా తగిలిందో తెలియదు. పాత పగ ఉంటే ఆ చీకట్లోనే తీర్చుకోవచ్చు. తల పగిలితే ఆసుపత్రి వాకిట కూర్చునేది తల్లి, పెళ్ళాం. పోయిన కూలి తిరిగి రాదు.

దేవుని పేరుతో కొన్ని వారాలు మానగలిగినవాళ్ళు, పిల్లల పేరుతో మానలేరా? మద్యం ముట్టకూడదని ఊరు అనుకుంటే మనిషి ముట్టకుండా ఉండగలడు. ఆ మూడు ఊళ్ళే దానికి సాక్ష్యం. పోలీసులు వందలమంది వచ్చినా చేయలేని పని, ఊరి మాట చేస్తుంది.

తాగుడు జబ్బు కూడా

రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి. నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. ప్రాణానికే ముప్పు రావచ్చు. అందుకే డాక్టరుకు చూపించి మాన్పించాలి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్యులు ఉంటారు. మొగునికి తెలియకుండా అన్నంలో మందు కలపమని కొందరు చెబుతారు. అట్లా చేయకూడదు. ఆ మందు కడుపులో ఉన్నప్పుడు మద్యం తాగితే ప్రమాదం.

తాగుడు జబ్బు అంటే కొట్టే హక్కు ఉందని కాదు. జబ్బుకు మందు ఉంది. కొట్టడానికి చట్టం ఉంది. ఈ రెండూ వేరు.

మీకు పనికివచ్చే చట్టాలు

భర్త కొడితే, తిడితే, ఇంట్లోంచి వెళ్ళగొడితే, మీ కూలి లాక్కుంటే 2005 నాటి గృహహింస చట్టం మీకు అండ. కొట్టకూడదని, ఇల్లు ఖాళీ చేయించకూడదని, ఖర్చులకు డబ్బు ఇవ్వాలని కోర్టు ఆర్డరు ఇవ్వగలదు.

లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం నేరం. అంటే బెల్టు షాపు నేరం. నాటుసారా కాయడం నేరం. 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మకూడదు. గుట్కా అమ్మకం నిషేధం. 18 ఏళ్ళలోపు పిల్లలకు బీడీ, సిగరెట్టు అమ్మకూడదు. బడికి వంద గజాలలోపు అసలే అమ్మకూడదు.

ఈ నంబర్లు గోడ మీద రాసుకోండి. ఆపద వస్తే 112. ఆడవాళ్ళ సాయానికి 181. ఉచిత న్యాయ సలహాకు 15100. వ్యసనం మాన్పించే సలహాకు 14446.

ఒక్కరే పోయి బెల్టు షాపు ముందు నిలబడితే "నీకెందుకమ్మా" అంటారు. పొదుపు సంఘం అంతా కలిసి పోతే అట్లా అనలేరు. అర్జీ రాయండి. అందరూ సంతకాలు పెట్టండి. నిన్నటిదాకా వేలిముద్ర వేసిన చేయి ఇప్పుడు సంతకం పెడుతుంది. గ్రామసభలో ఆ అర్జీ చదవండి. సభ రాసుకునే పుస్తకంలో ఎక్కించమని అడగండి. ఎక్కించిందీ లేనిదీ మీరే చదివి చూసుకోండి.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో తాగి కొట్టినవాణ్ణి ఊరు ఏమంటుంది? దెబ్బలు తిన్న ఆమెను ఏమంటుంది?

2. ఒక మనిషి రోజుకు 100 రూపాయలు తాగితే నెలకు ఎంత? ఏడాదికి ఎంత? ఆ డబ్బుతో మీరు ఏమి చేస్తారు?

3. దేవరగట్టు దీక్షలో మద్యం ముట్టకూడదనే నియమం ఉంది. అట్లాంటి నియమం మీ ఊరి జాతరకు పెట్టాలంటే ఎవరెవరితో మాట్లాడాలి?

4. దూబగుంట ఆడవాళ్ళు మొదట ఏం చేసినారు? మీ సంఘం మొదట చేయగలిగిన పని ఏది? దాన్ని నాలుగు మాటల్లో రాయండి.