‘ఇది మా స్టేషన్ హద్దు కాదమ్మా’

బంటుమిల్లిలో బస్సెక్కి బందరు వెళ్తున్నారనుకోండి. పెడన దాటాక చూసుకుంటే మెడలో గొలుసు లేదు. బస్సెక్కే తోపులాటలో పోయిందో, పెడనలో దిగేవాళ్ల సందడిలో పోయిందో ఎవరికి తెలుసు? బందరు స్టేషనుకి వెళ్తే ‘బంటుమిల్లిలో ఇచ్చుకోండి’ అంటారు. అక్కడికి వెళ్తే ‘పెడన వాళ్లని అడగండి’ అంటారు. మూడు ఊళ్లు తిరిగేసరికి గొలుసు ఎక్కడ కరిగిపోయిందో!

గొలుసు గనక సరిపోయింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలు రాత్రిపూట కనబడకుండా పోతే, ఇంటివాళ్లని ఇలాగే ‘మా పరిధి కాదు’ అని తిప్పారు. ఆ ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పిల్ల మాత్రం దక్కలేదు.

ఎందుకిలా తిప్పుతారంటారా? కేసుల లెక్క పెరిగితే స్టేషను చెడ్డదనే పేరు వస్తుందని భయం. చుట్టాలొస్తున్నారంటే చెత్తంతా మంచం కిందికి తోసేస్తాం చూడండి, అలాగన్నమాట. ఈ పద్ధతికి వేళ్లు చాలా లోతున ఉన్నాయి. మన కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా, 1859లో అక్కడ జిల్లా పోలీసు చట్టం వచ్చింది. 1861లో దేశానికంతా ఇంకొకటి చేశారు. అవి దొరల పాలన నిలబెట్టడానికి చేసినవే గాని, మన గోడు వినడానికి చేసినవి కావు. 1977లో వేసిన జాతీయ పోలీసు కమిషన్ ఎనిమిది నివేదికలిచ్చింది. అవి బీరువాల్లోనే ఉండిపోతే, ప్రకాశ్ సింగ్ అనే మాజీ పోలీసు అధికారి సుప్రీంకోర్టుకెక్కారు. 2006లో తీర్పు వచ్చింది. ఎస్సై గారిని ఊరికే బదిలీ చెయ్యకుండా కనీసం రెండేళ్లు ఉండనివ్వాలన్నది అందులో ఒకటి. ఇవాళో రేపో బదిలీ అనుకునేవాడు మన మాట వింటాడా, పైవాళ్ల మాట వింటాడా?

పైనున్న సంస్కరణల మాట అలా ఉంచండి, మన గడప దాకా వచ్చింది ఒకటుంది. దాని పేరు జీరో ఎఫ్.ఐ.ఆర్. నేరం ఎక్కడ జరిగినా మీరు వెళ్లిన స్టేషన్లోనే సున్నా నంబరుతో రాసుకుని, వాళ్లే అసలు స్టేషనుకి పంపాలి. అలా చెయ్యమని కేంద్రం 2013లోనే రాష్ట్రాలకు రాసింది. రాసినా ఆరేళ్ల తర్వాత శంషాబాదులో ఏమైందో చూశాం కదా! 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో, 173వ సెక్షన్లో, దీన్ని స్పష్టంగా రాశారు. ఫోను ద్వారా ఫిర్యాదు పంపినా సరే, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. కొన్ని నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల లోపు ముందస్తు విచారణ చెయ్యొచ్చు గాని, హద్దు కాదని పంపెయ్యడానికి వీల్లేదు.

ఇంకో మాట. సాక్ష్యం చెప్పడానికి ఆడవాళ్లని స్టేషనుకి పిలవకూడదు, ఇంటికే వచ్చి అడగాలి. ఇది పాత చట్టంలోనూ ఉన్నదే. మనకే తెలీదు.

కేసు కట్టాక ఒక నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. కట్టనన్నారా, ఆ ఫిర్యాదునే కాగితం మీద రాసి బందరులో ఎస్పీ గారికి పోస్టులో పంపండి. అక్కడా పని జరక్కపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. పోస్టాఫీసు రసీదు మాత్రం పారెయ్యకండి.