సెంట్రల్ పార్కు: 97 ఏళ్ల ఆటస్థలం, దాని అభిమానులు

ఇంగ్లండు వాయవ్య భాగాన, లాంకషైర్ బొగ్గు గనుల ప్రాంతంలో విగన్ అనే పట్టణం ఉన్నది. ఊరి నడిబొడ్డుకు సమీపంలో, డగ్లస్ అనే చిన్న నది పక్కన ఒక పెద్ద సూపర్ మార్కెట్, దాని ముందు కార్లు నిలిపే విశాలమైన స్థలం కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారికి అక్కడ చూడదగినదేదీ ఉండదు. పాలు, రొట్టె కొనుక్కుని తిరిగి పోతారు. ఆ ఊరి పెద్దవారి సంగతి వేరు. ఈ మూలన మా నాన్న నిలబడేవాడు, అదిగో ఆ వైపు నుంచి జట్టు బయటికి వచ్చేది అని మనవలకు చూపించగల చోటు అది. 1999 వరకు ఆ నేల పేరు సెంట్రల్ పార్కు. ప్రపంచంలోని రగ్బీ లీగ్ మైదానాలలో మిక్కిలి పేరు గడించిన వాటిలో అది ఒకటి.

రగ్బీ లీగ్ అంటే ఏమిటో ముందుగా తెలుసుకోవాలి. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని పరుగెత్తుతూ ఎదుటి జట్టు గీత దాటి నేలకు తాకించడం ఈ ఆట లక్ష్యం. అలా తాకించడాన్ని ట్రై అంటారు. బంతి పట్టినవానిని ఎదుటివారు పట్టి పడవేస్తారు. చెడుగుడు ఆడినవారికి ఈ పట్టు కొత్తగా తోచదు. కూతకు వచ్చినవానిని నలుగురు చుట్టుముట్టి పట్టే తీరే ఇక్కడా ఉన్నది. ఇప్పటి నిబంధన ప్రకారం ఆరుసార్లు పట్టుబడే లోపల పని ముగించకపోతే బంతిని ఎదుటి జట్టుకు వదలవలసి వస్తుంది. జట్టుకు 13 మంది. మనవారు టెలివిజన్‌లో అప్పుడప్పుడు చూసే 15 మంది రగ్బీ దీనికి అన్నవంటిది. దాని పేరు రగ్బీ యూనియన్.

ఆ అన్నదమ్ములు విడిపోవడానికి కారణం కూలి డబ్బు. 19వ శతాబ్దం చివర ఉత్తర ఇంగ్లండులో రగ్బీ ఆడినవారిలో అనేకులు గనులలో, మిల్లులలో పనిచేసే శ్రామికులు. శనివారం ఆటకు వెళితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలినైనా ఇప్పించండని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. ఆటకు డబ్బు తీసుకోవడం మర్యాద కాదని పెద్దలు నిరాకరించారు. కడుపు నిండినవారు చెప్పే మర్యాద అది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటలులో క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై నార్దర్న్ యూనియన్ అనే వేరు కుంపటి పెట్టుకున్నారు. అందులో విగన్ క్లబ్బు వ్యవస్థాపక సభ్యురాలు. ఆ సంస్థే 1922లో రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ అనే పేరు తీసుకున్నది. కనుక ఈ ఆట పుట్టుకలోనే శ్రామికుని జీతం, అతని ఊరి అభిమానం ముడిపడి ఉన్నాయి. ఆటస్థలం మీద మమకారం అంత గాఢంగా ఉండడానికి ఇదొక కారణం.

విగన్ క్లబ్బు 1872లో ఏర్పడినది. తొలి రోజులలో దానికి స్థిరమైన చోటు లేదు. 1901లో స్ప్రింగ్‌ఫీల్డ్ పార్కులో అద్దెకు ఆడినది. ఆ తరువాత గ్రేట్ సెంట్రల్ రైల్వే వారి భూమిని కౌలుకు తీసుకుని సొంత మైదానం సిద్ధం చేసుకున్నది. 1902 సెప్టెంబరు 6, శనివారం నాడు బ్యాట్లీ జట్టుతో తొలి పోటీ జరిగినది. విగన్ 14-8తో గెలిచినది.

ఆ మైదానంలో కుర్చీలు కొద్ది, నిలబడి చూసే మెట్లు ఎక్కువ. ఒక వైపు నదికి పక్కగా డగ్లస్ స్టాండు. ఒక చివర ఎత్తైన మెట్ల వరుస. దానిని కాప్ అనేవారు. ఇంగ్లండులోని చాలా ఆటస్థలాలలో ఈ పేరు వినిపిస్తుంది. దక్షిణాఫ్రికాలోని స్పియన్ కాప్ అనే కొండ మీద 1900 జనవరిలో బోయర్లకు, ఆంగ్లేయులకు ఘోరయుద్ధం జరిగినది. లాంకషైర్ సైనికులు అనేకులు అక్కడ మరణించారు. ఆ కొండ పేరే ఆటస్థలాలలోని నిటారు మెట్లకు వచ్చినది. ఆ యుద్ధంలోనే గాంధీగారు భారతీయుల అంబులెన్సు దళంతో క్షతగాత్రులను మోశారు. ఆ దళంలో సుమారు 800 మంది ఒప్పంద కూలీలు ఉన్నారు. నేటాల్‌కు అటువంటి కూలీలలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువారు. లాంకషైర్ అభిమానులు నిలబడి కేకలు వేసిన మెట్ల పేరు వెనుక మనవారి చెమట కూడా ఉన్నదన్న మాట.

అభిమానుల జ్ఞాపకాలలో మొదట వచ్చేది ఈ మెట్ల మీది నిలుపే. టికెట్టు మీద అంకె లేకపోయినా, ఎవరి చోటు వారికి తెలుసు. ఒక కుటుంబం తరతరాలుగా ఒకే ఇనుప కడ్డీ దగ్గర నిలబడేది. పక్కన నిలబడేవారి ఇంటిపేరు తెలియకపోయినా వారి ముఖం, వారి గొంతు ఏళ్ల తరబడి పరిచయం. ఒకనాడు ఆ మనిషి రాకపోతే ఆరా తీసేవారు. పిల్లలను జనం తలల మీదుగా చేతులు మార్చి ముందు వరుసకు పంపేవారు; ఆట ముగిశాక తండ్రులు వెళ్లి తెచ్చుకునేవారు. తిరునాళ్లలో పిల్లవానిని భుజాన ఎక్కించుకున్నవారికి ఇది వివరించనక్కరలేదు.

తిండి జ్ఞాపకాలూ తక్కువ కాదు. మాంసం కూరిన వేడి పై అక్కడివారికి ప్రాణం. విగన్ వారిని పై తినేవారని పొరుగు ఊళ్లవారు ఎగతాళి చేస్తారు. 1926 సార్వత్రిక సమ్మెలో విగన్ గని కార్మికులు ఇతరుల కంటే ముందుగా పనిలోకి దిగి, అవమానాన్ని పై వలె మింగారన్న పాత ఎత్తిపొడుపు అది. ఇప్పుడు వారు దానిని గర్వంగానే చెప్పుకుంటారు. చలికి జేబులో అంకుల్ జోస్ మింట్ బాల్స్ అనే పుదీనా బిళ్లలు ఉండేవి. 1898 నుంచి ఆ ఊరిలోనే తయారవుతున్నాయి. 1996 వరకు ఆ ఆట శీతకాలపు ఆట. బురద, పొగమంచు, దీపాల వెలుగులో ఆటగాళ్ల వీపుల నుంచి లేచే ఆవిరి, ఇవన్నీ కలిసినదే సెంట్రల్ పార్కు.

పొరుగున ఉన్న సెయింట్ హెలెన్స్ జట్టుతో పోటీ అంటే పండుగ. 1959 మార్చి 27, గుడ్ ఫ్రైడే నాడు ఆ పోటీకి 47,747 మంది వచ్చారు. ఆ మైదానం చూసిన అత్యధిక జనం అదే. ఆనాటి విగన్ పట్టణ జనాభాలో సగం కంటే ఎక్కువ సంఖ్య ఇది. పొరుగూరి నుంచి వచ్చినవారూ అందులో ఉన్నారనుకున్నా, ఆ రోజు ఊరి వీధులు ఎంత నిర్మానుష్యంగా ఉండి ఉంటాయో ఊహించవచ్చు.

ఆ కాలపు ఆరాధ్యుడు బిల్లీ బోస్టన్. కార్డిఫ్ రేవు పేటలో పుట్టిన నల్లజాతి యువకుడు. తండ్రి సియెర్రా లియోన్ దేశస్థుడు. చిన్ననాటి నుంచి ఆశించిన కార్డిఫ్ రగ్బీ యూనియన్ క్లబ్బు అతనిని పిలవలేదు. 1953లో విగన్ పిలిచినది. ఆ క్లబ్బు తరఫున అతడు చేసిన ట్రైలు 478. ఆట మానిన తరువాత కూడా అతడు ఆ ఊరు విడువలేదు. మైదానానికి దగ్గరలోనే ఒక మద్యశాల నడిపాడు. ఆట చూసి వచ్చినవారు అక్కడ ఆగి అతనితో మాట్లాడి ఇంటికి వెళ్లేవారు. తన సొంత నగరం కాదన్నవానిని మరొక ఊరు తన బిడ్డగా చేసుకున్న కథ ఇది. 2016లో విగన్ నడిబొడ్డున అతని విగ్రహం నెలకొల్పారు. 2025లో అతనికి సర్ బిరుదు లభించినది. రగ్బీ లీగ్ ఆటగాళ్లలో ఆ గౌరవం పొందిన తొలి వ్యక్తి అతడే.

చిత్రమేమంటే, అభిమానులు మాటిమాటికీ తలచుకునే ఒక పోటీలో ఒక్క ట్రై కూడా లేదు. 1987 అక్టోబరు 7 రాత్రి ఆస్ట్రేలియా విజేత మ్యాన్లీ జట్టు సెంట్రల్ పార్కుకు వచ్చినది. లెక్కకు 36,895 మంది ప్రేక్షకులు. విగన్ నాలుగు పెనాల్టీ గోలులు కొట్టి 8-2తో గెలిచినది. పెద్ద పరుగులు లేవు, అందమైన కదలికలు లేవు. ఎనభై నిమిషాలు పట్టులు, పోట్లాటలు మాత్రమే. అయినా ఆ రాత్రి అక్కడ ఉన్నామని చెప్పుకోవడం విగన్‌లో ఒక హోదా. 1992 మే 10న లీడ్స్ జట్టు మీద మార్టిన్ ఓఫియా ఒక్కడే పది ట్రైలు చేసి 74-6తో గెలిపించిన ఆట కూడా అక్కడిదే. ఘనత రెండవదానిదే అయినా, జనం గుండెలో మొదటిదే ముందుంటుంది. తాము అరచి గెలిపించామన్న నమ్మకం దానికే ఎక్కువ.

ఇంతటి వైభవం ఉన్న చోటు ఎందుకు నేలమట్టమైనది? పేదరికం వల్ల అనుకుంటే పొరపాటు. 1988 నుంచి 1995 వరకు వరుసగా ఎనిమిదిసార్లు చాలెంజ్ కప్పు గెలుచుకున్న క్లబ్బు అది. ఆ విజయాల కోసమే ఆటగాళ్లకు పూర్తికాలపు జీతాలు ఇచ్చినది. ఇతర జట్ల ఆటగాళ్లు పగలు వేరే పని చేసుకుని సాయంత్రం సాధనకు వచ్చే కాలమది. కప్పులతో పాటు ఖర్చులు, అప్పులు పెరిగాయి. అదే సమయంలో భద్రతా నియమాలు కఠినమయ్యాయి. 1985లో బ్రాడ్‌ఫర్డ్ ఫుట్‌బాల్ మైదానంలో చెక్క స్టాండు కాలి 56 మంది చనిపోయారు. 1989లో హిల్స్‌బరోలో తొక్కిడి వల్ల 97 మంది ప్రాణాలు పోయాయి. ఆ తరువాత పాత మెట్ల మీద అనుమతించే జనసంఖ్య తగ్గిపోయినది; మరమ్మతులకు పెద్ద మొత్తం కావలసి వచ్చినది. ఊరి మధ్య భూమికి మాత్రం వ్యాపారుల దగ్గర మంచి ధర ఉన్నది. క్లబ్బు ఆ స్థలాన్ని టెస్కో సంస్థకు అమ్మినది.

ఈ నియమాల సంగతిలో ఒక మెలిక ఉన్నది. ప్రేక్షకులందరికీ కుర్చీలు వేయాలన్న కట్టడి పై శ్రేణుల ఫుట్‌బాల్ మైదానాలకే గాని రగ్బీ లీగ్‌కు కాదు. 2012లో సెయింట్ హెలెన్స్ వారు కొత్త మైదానం కట్టుకున్నప్పుడు నిలబడి చూసే మెట్లను ఉంచుకున్నారు. కనుక సెంట్రల్ పార్కును పోగొట్టినది చట్టం కంటే అప్పే అనడం న్యాయం.

1999 సెప్టెంబరు 5, ఆదివారం. చివరి ఆట. ఎదుటి జట్టు, మరెవరు, సెయింట్ హెలెన్స్. విగన్ 28-20తో గెలిచినది. తొలి ఆట నాటి నుంచి లెక్కిస్తే 97 సంవత్సరాలకు ఒక్క రోజు తక్కువ. తరువాత యంత్రాలు వచ్చాయి.

కొత్త క్రీడామైదానం ఊరికి ఒక పక్కగా వెలసినది. ఇరవై అయిదు వేల మందికి కుర్చీలు, పైకప్పు, శుభ్రమైన మరుగుదొడ్లు. పాత మైదానంలో మరుగుదొడ్ల దుస్థితి తెలిసినవారు ఈ చివరి సంగతిని కాదనరు. అయితే ఆ స్థలం ఫుట్‌బాల్ జట్టు విగన్ అథ్లెటిక్‌తో ఉమ్మడి. ఆ ఫుట్‌బాల్ జట్టు కూడా అదే ఏడాది తన పాత చోటు వదిలి వచ్చినది. ఆ చోటు మరేదో కాదు, 1901లో రగ్బీ జట్టు అద్దెకు ఆడిన స్ప్రింగ్‌ఫీల్డ్ పార్కే. అదీ కూల్చివేతకు గురైనది.

విగన్ ఒక్కటే కాదు. హాలిఫాక్స్‌లోని త్రమ్ హాల్ స్థానంలో కూడా సూపర్ మార్కెట్ వచ్చినది. ఓల్డమ్‌లోని వాటర్‌షెడింగ్స్, స్వింటన్‌లోని స్టేషన్ రోడ్, సెయింట్ హెలెన్స్‌లోని నోస్లీ రోడ్ ఇళ్ల స్థలాలయ్యాయి. ఇలాంటి చోట్లు మూతపడినప్పుడు అభిమానులు గడ్డి పెళ్ల, కుర్చీ పలక, గేటు మీది అంకె వంటివి ఇంటికి తెచ్చుకుని దాచుకుంటారు. పెరటిలో ఆ గడ్డిని నాటి నీళ్లు పోసేవారూ ఉంటారు.

ఇంకొక సంగతి బరువైనది. మరణించాక తన చితాభస్మాన్ని ఆటస్థలంలో చల్లమని కోరేవారు ఇంగ్లండులో తక్కువేమీ కాదు. పెద్దల అస్థికలను ఏ రేవులో కలపాలన్నది మన ఇళ్లలో ఎంతటి ప్రశ్నో తెలిసినవారికి ఆ కోరిక వింతగా తోచదు. అలా చల్లిన నేల అమ్ముడుపోతే ఆ కుటుంబం ఎక్కడికి వెళ్లి తలచుకోవాలి? అమ్మకపు పత్రాలలో దీనికి గడి ఉండదు.

కొత్త మైదానానికి మొదట జేజేబీ అనే వ్యాపార సంస్థ పేరు పెట్టారు. 2009లో అది డీడబ్ల్యూ స్టేడియం అయినది. 2024లో బ్రిక్ కమ్యూనిటీ స్టేడియం అయినది. పాత మైదానానికి 1902 నుంచి చివరి రోజు దాకా ఒకటే పేరు.