పిల్లలు లా చదువుతామంటే: నాటింగ్‌హామ్ తెలుగు తల్లిదండ్రులకు ఎల్‌నాట్, అడ్మిషన్ల సంగతులు

మెడిసిన్ అంటే యూక్యాట్ రాయాలని మనకు తెలుసు. ఇంజినీరింగ్ అంటే మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలని తెలుసు. అదే పిల్లలు "నేను లా చదువుతాను" అంటే మాత్రం ఎవరిని అడగాలో తోచదు. చుట్టాల్లో, స్నేహితుల్లో ఐటీవాళ్లు, డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు దొరుకుతారు గానీ సొలిసిటర్లు, బారిస్టర్లు తక్కువ. నిజానికి ఈ దారి మనకు మరీ కొత్తది కాదు. రాజమండ్రిలో ప్లీడరుగా పేరు తెచ్చుకున్న టంగుటూరి ప్రకాశం పంతులు గారు నూరేళ్లకు పైగా క్రితం బారిస్టరు చదువు కోసం ఈ దేశానికే వచ్చారు. నాటింగ్‌హామ్‌లో ఉంటున్న కుటుంబాలు ఇయర్ 12లోనే తెలుసుకోవలసిన విషయాలను ఇక్కడ వరుసగా చూద్దాం.

ఎల్‌నాట్ అంటే ఏమిటి?

లా డిగ్రీలో చేరడానికి కొన్ని యూనివర్సిటీలు అడిగే ప్రవేశ పరీక్షే ఎల్‌నాట్. 2004లో మొదలైంది. కంప్యూటర్ మీద పియర్సన్ వ్యూ పరీక్షా కేంద్రాల్లో రాయాలి. మొత్తం సమయం 2 గంటల 15 నిమిషాలు. మొదటి భాగానికి 95 నిమిషాలు. అందులో 12 వ్యాసాలు ఇచ్చి, వాటి మీద 42 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు అడుగుతారు. రెండో భాగానికి 40 నిమిషాలు. మూడు అంశాలు ఇస్తారు, ఒకదాన్ని ఎంచుకుని వ్యాసం రాయాలి.

మార్కులు మొదటి భాగానికే, 42కి ఇన్ని అని వేస్తారు. వ్యాసానికి మార్కులుండవు. దాన్ని నేరుగా యూనివర్సిటీలకు పంపిస్తారు, వాళ్లు చదివి చూసుకుంటారు. దేనికి ఎంత విలువ ఇవ్వాలన్నది ఒక్కో యూనివర్సిటీ ఇష్టం. రాసినవాళ్ల సగటు సాధారణంగా సగం మార్కుల చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి ప్రాక్టీసులో 42కి 24 వచ్చాయని కంగారు పడకండి. ఎంసెట్ ర్యాంకుల లెక్క ఇక్కడ పనిచేయదు.

ఇండియాలోని క్లాట్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ లాంటి చోట్ల చేరడానికి రాసే క్లాట్‌లో కరెంట్ అఫైర్స్ ఉంటాయి, లెక్కలు కూడా ఉంటాయి. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ఎల్‌నాట్‌లో జనరల్ నాలెడ్జ్ అడగరు, చట్టం గురించి ఏమీ తెలిసి ఉండనక్కర్లేదు, నెగటివ్ మార్కులు లేవు. అందుకని ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు.

ఎవరు అడుగుతారు, ఎవరు అడగరు?

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఎల్‌ఎస్‌ఈ, యూసీఎల్, కింగ్స్ కాలేజ్ లండన్, డర్హమ్, బ్రిస్టల్ ఎల్‌నాట్ అడుగుతున్నాయి. మన ఊరి యూనివర్సిటీ ఆఫ్ నాటింగ్‌హామ్ చాలా ఏళ్లపాటు అడిగి, తర్వాత మానేసింది. నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీలోని నాటింగ్‌హామ్ లా స్కూల్ కూడా అడగదు. ఈ జాబితా ఏటా కొద్దిగా మారుతుంటుంది. అన్నయ్యో అక్కో అప్లై చేసినప్పటి సమాచారం మీద ఆధారపడకుండా, ఆ ఏడాది కోర్సు పేజీ చూసుకోండి.

టెస్టు లేని యూనివర్సిటీ అంటే తక్కువది అని అర్థం కాదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావాలంటే ఏ యూనివర్సిటీలో చదివినా రాయాల్సింది ఒకే పరీక్ష. 2021లో వచ్చిన ఎస్‌క్యూఈలో రెండు దశలుంటాయి, దాంతోపాటు రెండేళ్ల పని అనుభవం చూపించాలి. డిగ్రీ లా కాకపోయినా ఈ దారిలో వెళ్లొచ్చు. బారిస్టర్ కావాలంటే బార్ కోర్సు, ఆ తర్వాత ఏడాది ప్యూపిలేజ్ ఉంటాయి. ఇండియాకు వెళ్లి ప్రాక్టీస్ చేసే ఆలోచన ఉంటే, ఆ డిగ్రీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి. అక్కడ అర్హత పరీక్షలు కూడా రాయాల్సి ఉంటుంది.

బట్టీకి లొంగని పరీక్ష

ఎల్‌నాట్ పరీక్షించేది చదివి అర్థం చేసుకునే శక్తిని. రచయిత ఏం తేల్చాడు, దానికి ఏ కారణాలు చెప్పాడు, చెప్పకుండానే దేన్ని నిజమని అనుకున్నాడు అన్నవే ప్రశ్నలు. మన ఊరి ఉదాహరణే తీసుకుందాం.

నాటింగ్‌హామ్‌లో 2012 నుంచి వర్క్‌ప్లేస్ పార్కింగ్ లెవీ ఉంది. 11 లేదా అంతకంటే ఎక్కువ పార్కింగ్ స్థలాలున్న కంపెనీలు సిటీ కౌన్సిల్‌కు కట్టాలి. ఆ డబ్బు ట్రామ్ లాంటి రవాణా పనులకు వెళ్తుంది. మనలో చాలామందికి ఆఫీసు పార్కింగ్ రూపంలో ఇది అనుభవమే. ఇప్పుడు ఎవరో ఇలా రాశారనుకుందాం: "లెవీ వచ్చాక ట్రామ్ ఎక్కేవాళ్లు పెరిగారు. కాబట్టి జనం కార్లు వదలడానికి కారణం లెవీయే."

ప్రశ్న: ఈ వాదన చెప్పకుండా వదిలేసిన ఊహ ఏది? జవాబు: ట్రామ్ ప్రయాణాలు పెరగడానికి వేరే కారణం లేదని. కానీ 2015లో ట్రామ్ లైన్లు బీస్టన్ మీదుగా టోటన్ వరకు, ఇటు క్లిఫ్టన్ వరకు వచ్చాయి. లైను కొత్తగా ఇంటి దగ్గరకు వస్తే లెవీ ఉన్నా లేకపోయినా జనం ఎక్కుతారు. పైగా ట్రామ్ ఎక్కినవాళ్లందరూ కారు వదిలినవాళ్లే కానక్కర్లేదు, అంతకుముందు బస్సులో వెళ్లేవాళ్లు కావచ్చు. లెవీ మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. చాలామంది పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. తమ అభిప్రాయానికి దగ్గరగా ఉన్న జవాబును టిక్ చేస్తారు. అడిగింది మాత్రం వ్యాసంలో ఉన్నదాని గురించి.

95 నిమిషాల్లో 12 వ్యాసాలంటే ఒక్కోదానికి సుమారు 8 నిమిషాలు. ఒకదాని దగ్గరే ఆగిపోతే చివరివి చూడ్డానికి టైము ఉండదు. రెండో భాగంలోకి వెళ్లాక మొదటి భాగానికి తిరిగి రాలేరు. ఈ టైము లెక్క పిల్లల చేతికి అలవాటు కావాలి.

వ్యాసం ఎలా రాయాలి?

500 నుంచి 600 పదాలు చాలు. 750 దాటకూడదు. తెలిసిన విషయాలన్నీ కుమ్మరిస్తే మెచ్చుకోరు. ఒక వైపు తీసుకుని, కారణాలు చెప్పి, ఎదుటివారి బలమైన అభ్యంతరాన్ని కూడా ఒప్పుకుని, దానికి జవాబిచ్చారా అన్నది చూస్తారు. ఇంట్లో ప్రాక్టీసుకు రాబిన్ హుడ్ ఊళ్లో ఉన్నవాళ్లకు అంశాలు వెతకనక్కర్లేదు: మంచి పని కోసం చట్టాన్ని మీరవచ్చా? అయిదు నిమిషాలు ప్లాన్, ముప్పై నిమిషాలు రాత, మిగతా అయిదు నిమిషాలు తిరిగి చదువుకోవడం. వారానికి ఒకటి రాసినా రెండు నెలల్లో ఎనిమిది వ్యాసాలవుతాయి.

తల్లిదండ్రులు చేయగలిగింది ఇక్కడే ఎక్కువ. మన ఇళ్లలో పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని పెంచుతాం. ఆ మర్యాద ఉండాల్సిందే. కానీ కారణం చెప్పి విభేదించడం వేరు, ఎదురు చెప్పడం వేరు. భోజనాల దగ్గర వార్త ఒకటి తీసుకుని "నువ్వేమంటావు, ఎందుకు?" అని అడగండి. వాళ్లు చెప్పింది మీకు నచ్చకపోయినా చివరిదాకా వినండి. తర్వాత "నీ మాటను కాదనేవాళ్లు ఏమంటారు?" అని ఇంకో ప్రశ్న వేయండి. వేల పౌండ్ల కోచింగ్ కన్నా ఈ అలవాటు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎల్‌నాట్ అధికారిక వెబ్‌సైట్‌లో నమూనా పరీక్షలు ఉచితంగానే దొరుకుతాయి. ముందు అవి పూర్తిచేయించండి.

కోర్టు ఎలా నడుస్తుందో చూడాలంటే కెనాల్ స్ట్రీట్‌లోని క్రౌన్ కోర్టు పబ్లిక్ గ్యాలరీలో టికెట్ లేకుండా కూర్చోవచ్చు. లేస్ మార్కెట్‌లో పాత షైర్ హాల్ భవనంలో ఉన్న నేషనల్ జస్టిస్ మ్యూజియం కూడా చూడదగ్గది. సెలవుల్లో అక్కడ గడిపిన ఒక రోజు అప్లికేషన్‌లో రాసుకోవడానికీ పనికొస్తుంది.

తేదీలు: ఇక్కడ తప్పితే ఏడాది పోతుంది

ఎల్‌నాట్ రిజిస్ట్రేషన్ ఆగస్టు 1న, పరీక్షలు సెప్టెంబర్ 1న మొదలవుతాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు యూకాస్ గడువు అక్టోబర్ 15. వాటికి అప్లై చేసేవాళ్లు సెప్టెంబర్ మధ్యలోగా స్లాట్ బుక్ చేసుకుని, అక్టోబర్ మధ్యలోగా పరీక్ష రాసేయాలి. మిగతా యూనివర్సిటీలకు యూకాస్ గడువు జనవరిలో ఉంటుంది. ఎల్‌నాట్ రాయాల్సిన చివరి తేదీ మాత్రం ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోలా ఉంటుంది. స్కూలు లేదా సిక్స్త్ ఫామ్ కాలేజీ పెట్టే గడువు వీటన్నిటికన్నా ముందే వస్తుంది.

గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి: ఒక అడ్మిషన్ సీజన్‌లో ఎల్‌నాట్ ఒక్కసారే రాయాలి. "ఒకసారి రాసి చూద్దాం, బాగా రాకపోతే మళ్లీ" అనే వీలు లేదు. రెండోసారి రాసినా అది చెల్లదు. కాబట్టి ప్రాక్టీసు పూర్తయ్యాకే స్లాట్ తేదీ పెట్టుకోండి.

యూకాస్‌లో అయిదు యూనివర్సిటీలు ఎంచుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఏదో ఒకదానికే అప్లై చేయాలి. అయిదూ టెస్టు అడిగేవే పెడితే ఆ ఒక్కరోజు బాగా జరగకపోయినా అన్నిటి మీదా ప్రభావం పడుతుంది. రెండు మూడు టెస్టు ఉన్నవి, మిగతావి లేనివి పెట్టుకోవడం మేలు. 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నలుగా మారింది: ఈ కోర్సు ఎందుకు, చదువు నిన్ను ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశావు. మొత్తం 4,000 అక్షరాలకు మించకూడదు. ఎ-లెవెల్‌లో లా తీసుకుని ఉండాలన్న నియమం లేదు. హిస్టరీ, ఇంగ్లిష్ లాంటి రాత ఎక్కువుండే సబ్జెక్టు ఒకటి ఉంటే సాయపడుతుంది.

అన్నిటికన్నా ముందు ఫీజు లెక్క

వర్క్ వీసాల మీద ఉన్న మన కుటుంబాలకు అసలు ఇబ్బంది ఇక్కడే. ఇంగ్లండ్‌లో హోమ్ ఫీజు 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్లు. ఓవర్సీస్ ఫీజు లా కోర్సుకు చాలాచోట్ల 20 వేలు దాటుతుంది. పేరున్న కొన్ని చోట్ల 30 వేలు కూడా దాటుతుంది. ఏడాదికి 25 వేలనుకున్నా మూడేళ్లకు తేడా 46 వేల పౌండ్లకు పైమాటే. ఓవర్సీస్ లెక్కలో ఉంటే సాధారణంగా స్టూడెంట్ లోన్ కూడా రాదు. పిల్లలు ఇక్కడే ప్రైమరీ నుంచి చదివారు కదా అని హోమ్ ఫీజు దానంతటదే రాదు.

సెప్టెంబర్‌లో మొదలయ్యే కోర్సుకు చూసే తేదీ మొదటి ఏడాది సెప్టెంబర్ 1. ఆ రోజుకు పిల్లలకు ఐఎల్‌ఆర్ లేదా బ్రిటిష్ పౌరసత్వం ఉండాలి, అంతకుముందు మూడేళ్లు ఇక్కడే నివాసం ఉండాలి. ఐఎల్‌ఆర్ డిసెంబర్‌లో వస్తే ఆ ఏడాది చేరినవాళ్లకు మూడేళ్లూ ఓవర్సీస్ ఫీజే పడవచ్చు. కోర్సు మధ్యలో ఐఎల్‌ఆర్ వచ్చినంత మాత్రాన ఫీజు సాధారణంగా మారదు. అలాంటప్పుడు ఒక ఏడాది ఆగి చేరడం వృథా కాదు, వేల పౌండ్లు మిగిలే పని. 2025లో ఐఎల్‌ఆర్ గడువును పెంచే ప్రతిపాదనలు వచ్చాయి కాబట్టి మీ తేదీని తాజా నియమాలతో సరిచూసుకోండి.

ఐఎల్‌ఆర్ లేకపోయినా ఇంకో దారి ఉంది. ఆ తేదీకి 18 నిండనివాళ్లు ఏడేళ్లు ఇక్కడ ఉండి ఉంటే, 18 నిండినవాళ్లు తమ వయసులో సగం ఇక్కడ గడిపి ఉంటే, గత మూడేళ్లు చట్టబద్ధంగా నివసించి ఉంటే, దీర్ఘకాల నివాసం కింద హోమ్ ఫీజు అడగవచ్చు. ఆరేడేళ్ల వయసులో వచ్చిన పిల్లలకు ఇది వర్తించే అవకాశముంది. పుట్టిన తేదీ కొద్ది రోజుల తేడాతో కూడా లెక్క మారిపోతుంది. పాస్‌పోర్టు, పాత వీసాలు, స్కూలు రికార్డులు తీసిపెట్టుకుని, అప్లై చేయకముందే యూనివర్సిటీ అడ్మిషన్స్ ఆఫీసుకు ఈమెయిల్ రాసి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. యూకేసీసా వెబ్‌సైట్‌లో ఈ నియమాలు వివరంగా ఉన్నాయి.

ఇయర్ 12 పిల్లలున్న ఇంట్లో ఈ వారం చేయాల్సినవి రెండు పనులు: వీసా కాగితాల్లో తేదీలు చూసి మొదటి సంవత్సరం సెప్టెంబర్ 1తో పోల్చుకోవడం, పిల్లల చేత ఒక నమూనా వ్యాసం చదివించి "రచయిత ఏమంటున్నాడు?" అని అడగడం. మొదటిది డబ్బుకు సంబంధించింది, కాబట్టి మన పని. రెండోది పిల్లల పని. వాళ్లకు చదువుకునే టైమూ, మాట్లాడితే వినే మనుషులూ ఇంట్లోనే దొరికితే పరీక్షకు సగం తయారీ అయినట్టే.