64 అక్షరాల గుర్తు ఎంతవరకు పట్టిస్తుంది?

తమిళనాడు దక్షిణపు కొసన కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం ఉంది. అక్కడి కంప్యూటర్ వ్యవస్థలో ఒక మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాము) ఉన్నట్టు 2019 సెప్టెంబరు 4న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గమనించి, ఆ కేంద్రాన్ని నడిపే సంస్థ ఎన్‌పీసీఐఎల్‌కు చెప్పింది. ఆ మాల్‌వేర్ పేరు డీట్రాక్. అక్టోబరు 28న దాని నమూనా, అనుమానాస్పద ఫైళ్లను పరీక్షించే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో బయటి నిపుణుల కంటపడింది. 29న అణుకేంద్రం అధికారులు ఆ వార్త అబద్ధమన్నారు. మర్నాడే ఎన్‌పీసీఐఎల్ నిజమేనని ఒప్పుకుంది. మాల్‌వేర్ చేరింది ఆఫీసు పనులకు వాడే, ఇంటర్నెట్‌తో కలిసిన కంప్యూటర్లోకని, రియాక్టర్ల వైపు నెట్‌వర్క్ దానితో సంబంధం లేకుండా విడిగా ఉందని వివరించింది.

అణుకేంద్రంతో పోలిస్తే ధర్మపురి లాంటి ఊళ్లో పాతికో నలభయ్యో కంప్యూటర్లున్న సహకార సంఘం, ఆసుపత్రి, కాలేజీ చాలా చిన్నవి. కానీ ఫైలును గుర్తుపట్టే పద్ధతి రెండుచోట్లా ఒకటే. దాని పేరు హ్యాష్. ‘మా దగ్గర కోట్ల హ్యాష్‌లున్నాయి’ అని ఎవరైనా భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మజూపితే, ఆ కోట్లు దేనికి సరిపోతాయో, దేనికి సరిపోవో కొనేవాళ్లకు తెలిసుండాలి.

ఫైలు ఎంత పెద్దదైనా, లోపలి బైట్లన్నిటినీ ఒక లెక్కలోంచి నడిపిస్తే చివరికి ఒకే పొడవున్న సంఖ్య వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎస్‌హెచ్‌ఏ-256లో అది 256 బిట్లు, రాస్తే 64 అక్షరాలు. ఫైలుకు అది వేలిముద్ర లాంటిది. ఇలాంటి సంఖ్యలు మొత్తం ఎన్ని ఉండొచ్చో రాయాలంటే 78 అంకెలు కావాలి. అందుకే రెండు వేర్వేరు ఫైళ్లకు పొరపాటున ఒకే గుర్తు వస్తుందన్న భయం అక్కర్లేదు. ఫైలులో ఒక్క బిట్ మారినా, 256లో దాదాపు సగం తారుమారవుతాయి. ఈ పద్ధతి బలం అదే, బలహీనతా అదే.

ముందు బలం సంగతి. 40 కంప్యూటర్లున్న ఆఫీసును తీసుకుందాం. ఒక్కోదానిలో 2 లక్షల ఫైళ్లనుకుంటే మొత్తం 80 లక్షలు. హ్యాష్‌కు 32 బైట్ల చొప్పున ఆ పట్టికంతా 256 మెగాబైట్లలో ఇమిడిపోతుంది. చెడ్డ ఫైళ్ల పట్టికలో 10 కోట్ల హ్యాష్‌లున్నా, వరసగా పేర్చి ఉంటే ఒక ఫైలు అందులో ఉందో లేదో తేల్చడానికి 27 పోలికలు చాలు. ఆలస్యమంతా డిస్కు నుంచి ఫైళ్లను చదవడంలోనే. సెకనుకు 100 మెగాబైట్లు చదివే పాత డిస్కులో 200 గిగాబైట్లుంటే అరగంట పైనే పడుతుంది. ఆఫీసు మూసేశాక ఈ పని పెట్టుకోవచ్చు. ఒక్క ఫైలు సంగతే అయితే విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ కమాండ్ క్షణాల్లో చెబుతుంది, పైసా ఖర్చుండదు.

ఒకే ఫైలు ఊళ్లమీద పడినప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది. 2017 మే 12న వాన్నాక్రై అనే మాల్‌వేర్ దాడి మొదలై 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. మొదటి నమూనాల హ్యాష్‌లు బయటికి రాగానే, ఏ నెట్‌వర్క్‌లోనైనా ఆ ఫైలు ఏ మూల దాగిందో వెతకడం సాధ్యమైంది. అయితే అది దూరిన కంతను పూడ్చే మైక్రోసాఫ్ట్ ప్యాచ్ 59 రోజుల ముందే, మార్చి 14నే వచ్చింది. ప్యాచ్ వేసుకున్న కంప్యూటర్‌కు ఆ కంతలోంచి ముప్పు లేదు. ఎన్ని హ్యాష్‌లు పోగేసినా ఆ ఒక్క పనికి సాటి రావు.

ఇక బలహీనత. అదే వాన్నాక్రై మీద సైబర్ భద్రతా సంస్థ సోఫోస్ 2019లో ఒక అధ్యయనం ప్రచురించింది. అప్పటికి దాని రూపాంతరాలు 12,480 తేలాయి. ఆ ఏడాది ఆగస్టు నెలలో కనబడిన 6,963 రూపాల్లో 5,555 కొత్త ఫైళ్లే, అంటే 80 శాతం. రెండేళ్లకిందటి హ్యాష్ పట్టికతో కూర్చున్నవాళ్లకు ఆ కొత్తవాటిలో ఒక్కటీ దొరికేది కాదు. వెరిజాన్ సంస్థ 2016 సైబర్ భద్రతా నివేదికలోని అంకె ఇంకా కలవరపెడుతుంది: మాల్‌వేర్ హ్యాష్‌లలో 99 శాతం కనబడేది 58 సెకన్లు, లేదా అంతకన్నా తక్కువసేపు. చాలావరకు ఒక్కసారి కనబడి మళ్లీ రానివే. రోజుకు నాలుగున్నర లక్షలకు పైగా కొత్త హానికర ప్రోగ్రాములు నమోదవుతున్నాయని జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ చెబుతూ వచ్చింది. ఆ లెక్కన ఏడాదికి 16 కోట్లు దాటుతాయి. పట్టికలో కోట్లున్నాయంటే గొప్పగా వినిపిస్తుంది గానీ, వాటిలో అత్యధిక భాగం ఇక ఎవరి కంప్యూటర్‌కూ రాని ఫైళ్లవే.

కూడంకుళం విషయంలో ఈ బలహీనత మరీ స్పష్టం. అక్కడ బయటపడిన నమూనా లోపల ఆ కేంద్రం నెట్‌వర్క్ పేరే రాసి ఉంది. అంటే ఆ ఫైలును ఆ ఒక్కచోటు కోసమే తయారుచేశారు. ప్రపంచంలో మరెక్కడా కనబడని ఫైలు హ్యాష్ ముందుగా ఏ పట్టికలో ఉంటుంది? డీట్రాక్ కుటుంబానికి చెందిన 180కి పైగా నమూనాలు దొరికాయని సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ అదే సెప్టెంబరులో ప్రకటించింది. 180 ఫైళ్లకు 180 హ్యాష్‌లు, ఒకదానికొకటి పోలిక ఉండదు. ఇలాంటి దాడిలో హ్యాష్ ఉపయోగపడేది దొంగ దొరికాకే: ఇదే ఫైలు ఇంకెన్ని కంప్యూటర్లలో ఉందో తేల్చుకోవడానికి. అది చిన్న పనేం కాదు. ఒక్కటి శుభ్రం చేసి రెండోదాన్ని వదిలేస్తే, కథ మళ్లీ మొదటికొస్తుంది.

పట్టిక ఇచ్చేవాళ్లను అడగాల్సింది మరొకటి ఉంది: ఏ రకం హ్యాష్ అని. 32 అక్షరాల ఎండీ5ను 2004లోనే చైనా పరిశోధకులు ఛేదించారు, అంటే వేర్వేరు ఫైళ్లకు ఒకే గుర్తు వచ్చేలా చేయగలిగారు. 2012లో బయటపడ్డ ఫ్లేమ్ మాల్‌వేర్ ఆ లోపాన్ని వాడుకుని మైక్రోసాఫ్ట్ సంతకాన్ని నకలు చేసింది. 40 అక్షరాల ఎస్‌హెచ్‌ఏ-1 వంతు 2017లో వచ్చింది. 64 అక్షరాలది తప్ప మరొకటి ఒప్పుకోకండి.

నా మాటగా చెప్పేదేమంటే, లెక్కను తిరగేయాలి. చెడ్డ ఫైళ్లకు అంతులేదు గానీ, మన ఆఫీసులో నడవాల్సిన ప్రోగ్రాములకు లెక్కుంది. అకౌంట్ల సాఫ్ట్‌వేర్, బ్రౌజర్, ప్రింటర్ డ్రైవర్, విండోస్ ఫైళ్లు, అంతే కదా. వాటి పట్టిక పెట్టుకుని, అందులో లేనిది నడవబోతే ఆపడమే మేలు. దీనికి శ్రమ ఉంది. ప్రతినెలా అప్‌డేట్ రాగానే హ్యాష్‌లు మారతాయి, అందుకే తయారీదారు డిజిటల్ సంతకాన్ని కూడా జతగా చూడాలి. పట్టికకు బాధ్యుడిగా ఒక మనిషి ఉండాలి. 40 కంప్యూటర్ల ఆఫీసు ఈ బరువు మోయగలదు.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలి, లాగ్‌లు (కంప్యూటర్లలో జరిగినవాటి నమోదులు) 180 రోజులు దాచాలి. అయితే విండోస్ తనంతట తాను లాగ్‌లో హ్యాష్ రాయదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సిస్‌మాన్ పెడితే, మొదలైన ప్రతి ప్రోగ్రాము హ్యాష్‌నూ నమోదు చేస్తుంది. అప్పుడు ఇవాళ వచ్చిన హెచ్చరికలోని హ్యాష్‌ను పట్టుకుని, ఆ ఫైలు గత ఆరు నెలల్లో ఎప్పుడు, ఏ కంప్యూటర్లో, ఎవరి లాగిన్‌తో నడిచిందో వెతకొచ్చు. ఈలోగా దాన్ని డిస్కు నుంచి చెరిపేసినా, ఆ లాగ్‌ల నకలు వేరే సర్వర్‌లో భద్రంగా ఉంటే దాని జాడ దొరుకుతుంది.