చెవికి గంతలు

కిందటి సంవత్సరం మా ఇంటి స్టీరియోకు కొత్త తీగలు కొన్నాను. యాంప్లిఫయర్ నుంచి స్పీకర్లకు వెళ్ళే తీగలవి. వేలెడు లావు, ధర మాత్రం అడక్కండి! వాటిని బిగించి వీణ కచేరీ రికార్డు పెట్టాను. "అబ్బ, తంబురా ఎంత స్పష్టంగా వినిపిస్తోందో!" అన్నాను. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, "చూడకుండా చెప్పగలరా నాన్నగారూ, ఏది ఏ తీగో?" అంది. రోజూ పరీక్షలు పెట్టేవాడికే పరీక్ష! ఒప్పుకోక తప్పలేదు.

తెర కట్టాం. తెర వెనుక అమ్మాయి నాణెం ఎగరేస్తుంది. బొమ్మ పడితే కొత్త తీగ, బొరుసు పడితే పాతది. నాణెం ఎందుకంటారా? లేకపోతే, "రెండుసార్లు కొత్తది పెట్టిందిగా, ఈసారి పాతదే" అని నేను ఊహించగలను. ఉన్న తీగే మళ్ళీ వచ్చినా, విప్పి తిరిగి బిగించాలి. లేకపోతే పట్టిన సమయాన్ని బట్టి గుట్టు బయటపడుతుంది. నా పక్కన కూర్చుని జవాబులు రాసిన మా అబ్బాయికి కూడా ఏ తీగ ఉన్నదీ తెలియదు. తెలిస్తే వాడి ముఖమే చెప్పేస్తుంది! ఇలా ఇద్దరికీ తెలియకుండా చేసేదే 'జంట అంధ పరీక్ష'.

10 సార్లలో 7 సార్లు సరిగ్గా చెప్పాను. ఉబ్బిపోయాను. అమ్మాయి కాగితం, పెన్సిలు తీసింది. నాణెం 10 సార్లు ఎగరేస్తే ఫలితాలు 1024 రకాలుగా రావచ్చు. వాటిలో 7 గాని అంతకు మించి గాని సరిపోయేవి 176. అంటే ఏమీ వినపడని వాడికి కూడా ఆరింట ఒకసారి ఈ మార్కులు వస్తాయన్నమాట! 9 గాని 10 గాని వచ్చేవి 11 మాత్రమే. మర్నాడు మళ్ళీ 10 సార్లు విన్నాను. వచ్చినవి 4.

నేనొక్కణ్ణే కాదు లెండి. 1994లో అమెరికాలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు 40 మందికి నాలుగు స్పీకర్లు వినిపించారు. చూస్తూ విన్నప్పుడు పెద్దవాటికి మార్కులు పెరిగాయి, చిన్నదానికి తగ్గాయి. తెర వేయగానే తేడాలు చాలావరకు కుదించుకుపోయాయి. విన్నవారు స్పీకర్లు తయారుచేసే సంస్థ ఉద్యోగులే!

అలాగని తీగతో తేడాయే రాదనకండి. మా పాత రాగి తీగ అడ్డకోత వైశాల్యం 1 చదరపు మిల్లీమీటరు. రానూపోనూ 10 మీటర్లకు దాని నిరోధం సుమారు 0.17 ఓములు. స్పీకరుది 8 ఓములు. కాబట్టి నష్టం స్వల్పమే. తీగ బాగా సన్నగా, పొడవుగా ఉంటే శబ్దం తగ్గుతుంది. ఇక్కడే ఇంకో చిక్కు: ధ్వని కొద్దిగా హెచ్చితే మనకు 'హెచ్చింది' అనిపించదు, 'బాగుంది' అనిపిస్తుంది. అందుకే పరీక్షకు ముందు రెండింటి బిగ్గరతనాన్నీ మీటరుతో కొలిచి సమానం చెయ్యాలి.

స్టీరియో లేనివారు రెండు రకాల కాఫీ పొడులతో చేసి చూడవచ్చు. గ్లాసులు ఒకేలా ఉండాలి, వేడీ పంచదారా సమానంగా ఉండాలి. నాణెం మరచిపోకండి. ఒక్కో గుక్క చాలు. తాతగారి చేత పది గ్లాసులు తాగించేరు!