పిల్లర్ నంబరు 235 దగ్గరి చేప

పహాడీ షరీఫ్ గుట్టెక్కి, బాబా షర్ఫుద్దీన్ దర్గా దగ్గర నిలబడితే శంషాబాద్‌లో దిగే విమానాలు కనిపిస్తాయి. వాటిలోంచి దిగినవాళ్లు హైదరాబాద్‌లోకి వస్తూ ఆరాంఘర్ దాటి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వైపు మళ్లితే, 235వ పిల్లర్ దగ్గర ఓ పెద్ద చేప ఎదురవుతుంది. గుండ్రటి కన్ను, ఉబ్బిన పొట్ట, విప్పిన తోక, ఒళ్లంతా మెరిసే స్టీలు రేకు. నాలుగంతస్తుల ఆఫీసు అది. 2006లో ఏర్పడిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి 2012 నుంచి ఆ చేప కడుపులోనే పనిచేస్తోంది. రాత్రి నీలం లైట్లు పడితే చీకట్లో ఈదుతున్నట్టే ఉంటుంది. ప్రపంచంలోని విచిత్ర భవనాల జాబితాల్లో దీని ఫొటో తరచూ కనిపిస్తుంది.

నాకు మాత్రం భవనం కన్నా పెద్ద విశేషం ఒక మనిషి. బాపట్లలో పుట్టిన డాక్టర్ మోదడుగు విజయ్ గుప్తా 2005లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. నార్మన్ బోర్లాగ్ నెలకొల్పిన ఆ బహుమతిని ఆహార రంగంలో నోబెల్‌గా చెప్పుకుంటారు. అది ఆయనకు పెద్ద పెద్ద చెరువుల వల్ల రాలేదు, గుంటల వల్ల వచ్చింది. బంగ్లాదేశ్‌లో ఇంటి అరుగుకో, రోడ్డు కట్టకో మట్టి తవ్వుకున్న గుంటలు ఎక్కడ చూసినా ఉంటాయి. వానాకాలంలో నిండుతాయి, కొన్ని నెలలకే ఎండిపోతాయి. గుర్రపుడెక్క, దోమలు తప్ప వాటిలో ఏమీ ఉండేవి కావు. త్వరగా ఎదిగే తిలాపియా, సిల్వర్ బార్బ్ పిల్లల్ని ఆ గుంటల్లో వదలమన్నారు గుప్తా. ఎరువుగా పేడ, మేతగా తవుడు. సెంటు భూమి లేని ఇంటికి కూడా నీళ్లు ఇంకిపోయే లోపే కూరకు చేపలు, అమ్ముకోడానికి ఇంకొన్ని చేతికొచ్చాయి. హెక్టారుకు 304 కిలోల దిగుబడి ఉన్న చోట చాలామందికి 2,500 కిలోలు దాటింది. గడప దాటని ఆడవాళ్లు ఇంటి పక్క గుంటకు యజమానులయ్యారు. మలేసియా కేంద్రంగా ఉన్న వరల్డ్‌ఫిష్ సంస్థలో ఉన్నత పదవి, 2015లో సియోల్‌లో సున్హాక్ శాంతి బహుమతి, 2023లో పద్మశ్రీ ఆయనను వరించాయి. చేప భవనం ముందు సెల్ఫీ తీసుకునే పిల్లలకు ఈ పేరు తెలియాలి. మన బడి పాఠాల్లో ఆయన కథ ఉండాలి.

ఇక మన పళ్లెంలోని రవ్వ చేప సంగతి. కోస్తాలో దీన్నే శీలావతి అంటారు. 1992లో భువనేశ్వర్‌లోని మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, నార్వేకు చెందిన అక్వాఫోర్స్క్ కలిసి దీని జాతిని మెరుగుపరిచే పని మొదలుపెట్టాయి. నార్వేవాళ్లు ఈ విద్యలో సాల్మన్ చేప మీద చేయి తిరిగినవాళ్లు. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల నుంచి రవ్వల్ని తెచ్చి, బాగా ఎదిగిన కుటుంబాల్ని ఎంచి, వాటినే మళ్లీ జతకట్టించారు. మంచి కంకుల్ని ఏరి విత్తనానికి దాచుకునే రైతు పద్ధతే ఇదీ. తరతరానికి ఎదుగుదల సగటున 17 శాతం పెరిగింది. అది బయటికొచ్చిన 1997, స్వాతంత్ర్య స్వర్ణ జయంతి సంవత్సరం. అందుకే ఆ రవ్వకు ‘జయంతి’ అని పేరు పెట్టారు.

చేప గుడ్డు పెట్టడం వెనక కూడా నాలుగు దేశాల కథ ఉంది. బొచ్చె, రవ్వ లాంటివి నిలవ నీటి చెరువులో వాటంతటవే గుడ్లు పెట్టవు. వాటికి వరద నీరు కావాలి. వెనకటికి మరో చేప తల కోసి, మెదడు కింద ఆవగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిని తీసి, నూరి, ఆ రసం సూదితో ఎక్కించేవాళ్లు. 1930లలో బ్రెజిల్‌లో మొదలైన ఈ పద్ధతిని 1957 జులై 10న హీరాలాల్ చౌదరి బృందం ఒడిశాలో మన చేపల మీద గెలిపించింది. జాతీయ చేపల రైతుల దినోత్సవం ఆ తేదీనే జరుపుకుంటున్నాం. తర్వాత కెనడా శాస్త్రవేత్త రిచర్డ్ పీటర్, చైనా శాస్త్రవేత్త లిన్ హావోరన్ కలిసి చేప తల కోసే అవసరమే లేకుండా కృత్రిమ హార్మోను మందు కనిపెట్టారు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి ‘లిన్‌పె పద్ధతి’ అని పేరు. ఇవాళ మన హ్యాచరీల్లో సాయంత్రం సూది వేస్తే తెల్లారేసరికి తొట్టెలో గుడ్లు ముత్యాల్లా తేలుతుంటాయి.

2022లో ప్రపంచం ఓ మైలురాయి దాటింది. చేపలూ రొయ్యల్లాంటి నీటి జీవాల్లో పట్టినవాటి కన్నా పెంచినవి ఎక్కువయ్యాయి. చరిత్రలో ఇదే మొదటిసారి. పెంపకంలో చైనా మొదటి స్థానం, మనది రెండో స్థానం. దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం.

చివరగా తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. మార్కెట్లో టబ్బు ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. కాసిని నీళ్లలోంచి నోరు పైకెత్తి, గుటుక్కున గాలి మింగి, మళ్లీ అడుక్కి పోతుంది. మొప్పలతోపాటు గాలి పీల్చే ఏర్పాటు దానికి ఉంది. ప్రాణంతో అమ్మేది అందుకే. చెరువులో ఎర్రటి పిల్లలు ముద్దలా ఒక్కచోట కదులుతుంటే తల్లీతండ్రీ కింద కాపలా కాస్తుంటాయి. అదే పిల్లలు కాస్త ఎదిగాక పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. కొర్రమీను పెంచే రైతు వాటిని సైజుల వారీగా ఏరి వేరుచేస్తూనే ఉండాలి.