కనిపెట్టిన తరువాత అంతా తేటతెల్లమే

“నేర్చేదాకా బ్రహ్మవిద్య, నేర్చిన తరువాత కోతివిద్య” అని సామెత. పేటెంటులను పరీక్షించే వారికి ఈ సంగతే పెద్ద చిక్కు. పేటెంటు పొందుటకు కల్పన కొత్తదైతే చాలదు. ఆ రంగంలో సామాన్యమైన నేర్పు గలవానికి అది తేటతెల్లంగా తోచేదై ఉండరాదు. తోచేదేనని రుజువు చేయుట ఎట్లు?

1966లో అమెరికా సుప్రీంకోర్టు, నాగలి భాగాన్ని గురించిన గ్రాహం కేసులో, మూడు సంగతులు తేల్చుకోవలెనని చెప్పినది. ఆనాటికి లోకానికి తెలిసినదేమి? దానికీ కొత్త కల్పనకూ భేదమేమి? ఆ రంగంలో సామాన్య నిపుణుని నేర్పు ఎంత? వీటితోపాటు వ్యాపార విజయం, చిరకాలంగా తీరని అవసరం, ఇతరుల వైఫల్యం కూడా సాక్ష్యాలు కావచ్చును.

ఉదాహరణకు, జేబులోని సెల్‌ఫోను తెర పొరపాటున తాకినా పనిచేయకుండ తాళం వేసి ఉంచుతారు. ఆ తాళం తీయుటకు, తెరపైనున్న బొమ్మను వేలితో పక్కకు జరిపే పద్ధతికై ఆపిల్ కంపెనీ 2005 డిసెంబరులో దరఖాస్తు చేసినది. అంతకు ముందే స్వీడన్ దేశపు నియోనోడ్ ఫోనులో వేలిని కుడివైపునకు జరిపితే తాళం తెరచుకొనేది. కాని వేలితో కదిలే బొమ్మ లేదు. తెరపై జరిపే మీటలను గురించి 1992లోనే ప్లెయిజాంట్ అనే పరిశోధకురాలి వ్యాసం వెలువడినది. ఈ రెండింటిని కలుపుట తేటతెల్లమా?

తేటతెల్లమేనని 2012లో లండను హైకోర్టు, 2015లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పినవి. ఆ న్యాయస్థానాలకు నియోనోడ్ ఫోనే ముఖ్యసాక్ష్యం. అమెరికాలో 2016 ఫిబ్రవరిలో ముగ్గురు న్యాయమూర్తులూ అట్లే అన్నారు. కాని అక్టోబరులో అదే కోర్టు విస్తృత ధర్మాసనం దానిని త్రోసివేసి, పేటెంటు చెల్లునన్న జ్యూరీ నిర్ణయాన్ని నిలిపినది. ప్లెయిజాంట్ వ్యాసం గోడకు బిగించే తెరలను గురించినది. పైగా జరిపే మీటలకన్న నొక్కే మీటలనే జనులు మెచ్చిరని అందులో ఉన్నది. కావున ఆ రెండింటిని కలుపవలెనని నిపుణునికి తోచదని జ్యూరీ భావించుటకు ఆధారమున్నదని ధర్మాసనం తలచినది.

వివాదమంతా ఇందులోనే ఉన్నది. పాత వస్తువులను రెండింటిని చూపినంత మాత్రాన రుజువు కాదు. వాటిని కలుపుటకు ఆనాటి నిపుణునికి గల కారణమును కూడ చూపవలెను. వెనుక పుటలోని జవాబు చూచిన విద్యార్థికి లెక్క సులభమే. పరీక్షించువాడు ఆ జవాబును మరచి, ఆనాటి జ్ఞానంతోనే లెక్క చేయవలసి యుండును.